సవరణ: జర్మేనియం ట్రాన్సిస్టర్ల గెయిన్ గురించి

ఫజ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడేలా మార్చే పెట్టె) సొంతంగా కట్టుకునేవాళ్లకి మొన్న ఒక సలహా ఇచ్చాను, జర్మేనియం ట్రాన్సిస్టర్‌ని మల్టీమీటర్‌లో పెట్టినప్పుడు గెయిన్ (కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందనే అంకె) ఎంత ఎక్కువ చూపిస్తే అంత మంచిదని. అది తప్పు, సరిగ్గా చూసుకోకుండా రాసేశాను. ఆ అంకెలో లీకేజీ కరెంటు (ట్రాన్సిస్టర్‌లోంచి దానంతటదే కారిపోయే కరెంటు) కూడా కలిసిపోతుంది కాబట్టి 120 చూపించినదాని అసలు గెయిన్ 80 కూడా కావచ్చు. అనుభవమున్న బిల్డర్లు రాసిపెట్టిన పద్ధతిలో ముందు బేస్‌ని (ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో కరెంటుని అదుపు చేసేదాన్ని) దేనికీ కలపకుండా లీకేజీ ఒక్కటే కొలిచి, తర్వాత వచ్చిన రీడింగ్‌లోంచి దాన్ని తీసేస్తారు. కొలిచేటప్పుడు వేళ్లతో పట్టుకోకండి, ఆ కాస్త వేడికే అంకె పైకి పాకుతుంది (నేను బోల్తా పడింది ఇక్కడే). ఫజ్ ఫేస్ అనే ఫజ్ పెడల్ సర్క్యూట్‌లో మొదటి ట్రాన్సిస్టర్‌కి అసలు గెయిన్ 70-80, రెండోదానికి 110-130 ఉంటే సాధారణంగా బాగా పలుకుతుంది. సిలికాన్ ట్రాన్సిస్టర్లు వాడేవాళ్లకి ఈ లీకేజీ గొడవ దాదాపు లేదు.