ఆ సీలింగ్ స్పీకర్ల మెసేజ్ నాకు మళ్లీ పంపకండి

మొన్న రాత్రి పదకొండింటికి మా మేనమామ పంపాడు. పొద్దున లేచేసరికి పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఉంది. మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు కూడా పంపి, కింద "నువ్వు ఈ పనే చేస్తావు కదా బాబూ, నిజమేనా?" అని అడిగారు. ఈ నెలలో ఇది ఏడోసారి. "ఇంట్లో సీలింగ్ స్పీకర్లు: షాపులవాళ్లు దాచిపెట్టే రహస్యాలు" అని పైన పేరు, పక్కన మూడు మంటల బొమ్మలు, చివర్లో కనీసం పది మందికి పంపమని ఆజ్ఞ. పన్నెండేళ్లుగా హైదరాబాదులో ఇళ్లకు సౌండు వైరింగు చేసి బతుకుతున్నాను కాబట్టి ఆ రహస్యాలు దాచిన దొంగల్లో నేనూ ఒకణ్ణన్నమాట. సరే, అన్నిటికీ ఒకేసారి రాసి పెడుతున్నాను. ఇకమీద ఎవరు పంపినా వాళ్లకు ఇదే తిరుగు టపా.

చిల్లర సంగతులు ముందు ఊడ్చేద్దాం.

"సబ్‌ఊఫర్ నైరుతి మూలలో పెడితే బాస్ బాగా వస్తుంది." వస్తుంది. (సబ్‌ఊఫర్ అంటే బాస్ కోసం, అంటే గుమ్‌గుమ్మనే లోతైన శబ్దం కోసం విడిగా పెట్టే స్పీకర్.) ఆగ్నేయంలో పెట్టినా వస్తుంది, వాయవ్యంలో పెట్టినా వస్తుంది. అది మూల కాబట్టి. వాస్తుకీ దానికీ సంబంధం లేదు.

"బంగారు పూత పిన్నులు వాడితే సౌండులో తీపి పెరుగుతుంది." తుప్పు పట్టవు, అంతే. విశాఖలో బీచ్ రోడ్డు పక్కన ఇల్లయితే పెట్టుకోండి, తప్పులేదు.

"4 స్క్వేర్ ఎంఎం వైరు కంటే తక్కువ వేస్తే సౌండు సన్నబడుతుంది." ఆ అంకె వైరు మందం లెక్క. పది మీటర్ల దూరానికి 1.5 స్క్వేర్ రాగి వైరు వేస్తే, రానూ పోనూ కలిపి పావు ఓమ్ రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) కూడా ఉండదు. ఎనిమిది ఓమ్ల స్పీకర్ ముందు అదెంత? హాలు దాటి, మెట్లెక్కి, పై అంతస్తు చివరి గది దాకా పోతుంటే అప్పుడు 2.5 గురించి మాట్లాడుకుందాం. 4 స్క్వేర్ వైరు గీజరుకు వేసుకోండి.

"వెయ్యి వాట్ల పీఎంపీఓ ఉన్నదే కొనండి." పీఎంపీఓ అంటే గొప్పకు పెట్టె మీద అచ్చేసే ఉబ్బించిన వాట్ల లెక్క. ఇంకా ఈ మాట బతికే ఉందా? టేప్ రికార్డర్ల కాలంలోనే పోయిందనుకున్నాను. ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల అసలు వాట్లు, ఎంతో అడగండి, చెప్పకపోతే లేచి వచ్చేయండి. యాభై వాట్ల ఆంప్ (స్పీకర్లను మోగించే యాంప్లిఫయర్ పెట్టె) తీసేసి వంద వాట్లది పెట్టినా పెరిగేది మూడు డెసిబెల్స్. అంటే పక్క గదిలోంచి మీ ఆవిడ "కొంచెం పెంచారా?" అని అడిగేంత.

"ఫాల్స్ సీలింగ్ లేనివాళ్లు స్లాబ్‌లో ఎనిమిదంగుళాల గుండ్రం కోయించి స్పీకర్ బిగించుకోవచ్చు." ఇది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. నాలుగైదు అంగుళాల స్లాబ్, అందులో జానెడు కూడా లేని దూరానికో కడ్డీ. ఎనిమిదంగుళాల గుండ్రం కోస్తే కడ్డీ తెగకుండా ఎలా ఉంటుంది నాయనా? పై ఫ్లాట్‌వాళ్ల కాళ్లు కనిపిస్తే సౌండు బాగా వస్తుందనా? బయటికే బిగించుకునే పెట్టె స్పీకర్లు బజారులో బోలెడన్ని ఉన్నాయి, గోడకు రెండు స్క్రూలు చాలు.

ఇక అట్మాస్. "సీలింగ్‌లో ఎనిమిది స్పీకర్లు పెడితే మీ హాలు డాల్బీ అట్మాస్ రెడీ." అట్మాస్ అంటే తల పైనుంచి కూడా సౌండు వినిపించే పద్ధతి. అది 2012లో సినిమా హాళ్లకొచ్చింది, 2014లో ఇళ్లకొచ్చింది. పెట్టె మీద 5.1.4 అని రాస్తారు చూడండి, అందులో మొదటి ఐదూ కూర్చున్నవాడి చెవి ఎత్తులో ఉండాలి, ఒకటి సబ్‌ఊఫర్, చివరి నాలుగే పైన. పైనుంచి రావాల్సినవి వాన, హెలికాప్టర్. మాటలు ఎదురుగా రావాలి. అన్నీ తీసుకెళ్లి పైనే పెడితే ఏమవుతుందంటే, హీరో టీవీలో పెదాలు కదుపుతుంటాడు, డైలాగు మాత్రం ఫ్యాను మీంచి ఊడిపడుతుంటుంది. ఆకాశవాణి అన్న మాటకు అసలైన అర్థం ఆ హాలులో తెలుస్తుంది.

దీనికి తోడు ఆ ఎనిమిదింటినీ "ఒకే ఆంప్‌కు, ఎరుపు ఎరుపుకీ నలుపు నలుపుకీ కలుపుకుంటూ పోండి, ఎన్ని కలిపితే అంత సౌండు" అని రాశాడు మహానుభావుడు. రెండు చానెళ్ల (ఎడమ, కుడి) ఆంప్ అయితే చానెల్‌కు నాలుగు. ఎనిమిది ఓమ్ల స్పీకర్లు నాలుగు అలా కలిపితే మిగిలేది రెండు ఓమ్లు. మీ ఆంప్ వెనక, స్పీకర్ వైర్లు దూర్చేచోట, చిన్న అక్షరాల్లో ఎన్ని ఓమ్లని రాసి ఉంటుందో ఒక్కసారి టార్చ్ వేసి చూడండి. ఆరు అనో, మహా అయితే నాలుగు అనో ఉంటుంది. రెండు అని ఉండదు. రాసినదానికంటే ఓమ్లు తగ్గితే ఆంప్ ఆ భారం మోయలేదు. మా బంధువుల గృహప్రవేశంలో ఇదే జరిగింది. తెల్లవారుజామున సుప్రభాతం పెట్టారు, చిన్న సౌండులో బాగానే ఉంది, పురోహితుడు గారు కొంచెం పెంచమన్నారు. పెంచిన ఐదు నిమిషాలకు ఆంప్ టక్కుమని ఆగి, ముందు పలకమీద ఎర్రగా "ప్రొటెక్ట్" అని మెరవడం మొదలెట్టింది. ఆపి వేస్తారు, మళ్లీ ఆగుతుంది, మళ్లీ వేస్తారు. పాలు పొంగేలోపు నాలుగుసార్లు. అది మంచి ఆంప్ కాబట్టి తనను తాను కాపాడుకుంది. చవకరకమైతే పాలతోపాటు అదీ పొంగేది.

ఒకేరకం స్పీకర్లయితే రెండేసి వరుసగా కలిపి, ఆ రెండు జతల్ని పక్కపక్కన కలిపితే మళ్లీ ఎనిమిది ఓమ్లే వస్తుంది, ఏ గొడవా లేదు. గదికో సౌండు బటన్ కావాలంటే గుళ్లలో, రైల్వే స్టేషన్లలో వాడే 100 వోల్టుల లైన్ ఉంది, స్పీకర్‌కొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వస్తుంది. ఇవేవీ రహస్యాలు కావు. అడిగితే ఏ షాపులోనైనా చెప్తారు.

ఇప్పటిదాకా చెప్పినవాటితో పోయేది మహా అయితే డబ్బు (స్లాబ్ సంగతి పక్కన పెడితే). అసలు నన్ను కూర్చోబెట్టి ఇదంతా రాయిస్తున్నది ఐదో పాయింటు. "కొత్త పైపు ఖర్చు దండగ. ఉన్న కరెంటు పైపులోనే ఎరుపు, నలుపు హౌస్ వైరు లాగేయండి. గుయ్యిమనే శబ్దం ఏమీ రాదు, మేం చేసి చూశాం."

ఒకటి ఒప్పుకోవాలి, గుయ్యిమనే శబ్దం నిజంగానే రాదు. మైకు వైరో, ఆంప్‌లోకి వెళ్లే సన్న వైరో కరెంటు పక్కన పెడితే వస్తుంది కానీ స్పీకర్ వైరుకు దాదాపు రాదు. నా తోటి పనివాళ్లే చాలామంది వస్తుందని భయపెడతారు, అది తప్పు. ఆ మెసేజ్ రాసినవాడు దాన్ని పట్టుకున్నాడు. శబ్దం రావట్లేదు కాబట్టి ప్రమాదం లేదట.

రెండేళ్ల కిందట కూకట్‌పల్లిలో ఒకరింటికి వెళ్లాను, పడకగదిలో స్పీకర్ పోయిందంటే. జాలీ ఊడదీస్తే కోను మధ్యలో రూపాయి బిళ్లంత చిల్లు, చుట్టూ అట్ట నల్లగా మాడి, కాయిల్ తీగ సేమియాలా విడిపోయి వేలాడుతోంది. ఏమైందని అడిగితే ఆ ఇంటి పెద్దావిడ చెప్పింది, ముందురోజు ఎవరో ఎలక్ట్రీషియన్ వచ్చి గదిలో కొత్త లైటు పెట్టాడని, స్విచ్ వేయగానే పైన దీపావళి బాంబు పేలినట్టయిందని. జంక్షన్ బాక్సు మూత తీసి చూశాను. కరెంటు పైపులోంచి ఎరుపు, నలుపు జత ఒకటి ఆ గది వైపు పోతోంది. అతను దాన్ని లైటు కోసం ఎప్పుడో లాగి వదిలేసిన వైరనుకుని, కోసి, ఫేజుకూ న్యూట్రల్‌కూ కలిపేశాడు. అతణ్ణి ఏమనగలం? కరెంటు పైపులో ఎరుపూ నలుపూ కనిపిస్తే నేనైనా కరెంటనే అనుకుంటాను. ఎనిమిది ఓమ్ల స్పీకర్‌లోకి 230 వోల్టులు అంటే లెక్కకు ఆరున్నర వేల వాట్లు. వెయ్యి వాట్ల పీఎంపీఓ కావాలన్నారుగా, ఇదిగో తీసుకోండి. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) పడేలోపే కాయిల్ తెగిపోయింది. ఆంప్ వైపు ముక్కను కోసేశాడు కాబట్టి ఆంప్ బతికింది. అదే కొయ్యకుండా అతికి ఉంటే, హాలులో ఆ క్షణాన ఆంప్ వెనక ఎవరైనా వైరు సర్దుతూ ఉంటే? ఆ మెసేజ్ రాసినవాడు "మేం చేసి చూశాం" అన్నాడు కదా, ఇది కూడా చూశాడా?

హౌస్ వైరు మీద 1100 వోల్టులని అచ్చేసి ఉంటుంది, తట్టుకుంటుంది కదా అని మా తమ్ముడు వాదన పెట్టుకున్నాడు. పైపులో తట్టుకుంటుందిరా. చివరన? ఆంప్ వెనక క్లిప్పుల దగ్గర రాగి బయటికే ఉంటుంది, స్పీకర్ టెర్మినల్ దగ్గరా అంతే. పాత పైపులో వంపు దగ్గర బలంగా లాగినప్పుడు ఫేజు వైరు తొక్క గీరుకుని ఈ స్పీకర్ వైరుకు తగిలిందనుకో, బయటికున్న ఆ రాగిలోకీ కరెంటొస్తుంది, ఆంప్‌లకు చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే, ఎర్తింగ్ ఉండదు, కాబట్టి అక్కడ ఏదీ ట్రిప్ అవ్వదు, పాట కూడా ఆగకపోవచ్చు. ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి బయటికి కారితే పడే స్విచ్చు) ఉంటే అది పడుతుంది, ఎప్పుడంటే కరెంటు నీ ఒంట్లోంచి నేలలోకి పోయినప్పుడు. అది లేని ఇళ్లు ఎన్నున్నాయో నాకంటే ఎవరికి తెలుసు, రోజూ బోర్డులు విప్పి చూసేవాణ్ణి.

వేరే పైపు వేయించండి. కరెంటు పైపుకు అడుగు దూరంలో పోనివ్వండి, దాటాల్సివస్తే అడ్డంగా దాటించండి, ఎరుపు నలుపు కాకుండా వేరే రంగుదో, స్పీకర్ వైరని చూడగానే తెలిసే జంట వైరో వాడండి. ఇల్లు మొత్తానికి ఆ పైపు ఖర్చు నలుగురు బిర్యానీ తినొచ్చేంత.

ఇక ఆఖరి పాయింటు. "స్పీకర్లు ఇప్పుడు కొనకపోయినా, జిప్సం బోర్డు మూసేలోపే వైరు లాగి ఉంచండి, మూసేముందు ప్రతి గది పైకప్పూ ఫోటో తీసుకోండి." దీన్ని కూడా ఏకేద్దామని రెండుసార్లు చదివాను. ఏమీ దొరకలేదు. నూటికి నూరుపాళ్లు నిజం, నేను ప్రతి ఇంట్లోనూ ఇదే మొత్తుకుంటాను, పది మందిలో ఎనిమిది మంది వినరు. కావాలంటే ఈ ఒక్క ముక్క కోసి పది మందికి పంపండి.

మా ఇంట్లో మాత్రం ఫాల్స్ సీలింగ్ వేస్తున్న వారం నేను వేరేవాళ్లింట్లో పనిలో ఉన్నాను. తర్వాత లాగుదాంలే అనుకున్నాను. ఆరేళ్లయింది. హాలులో టీవీ పక్కనుంచి గోడ మీదుగా, పటాల వెనకగా, క్లిప్పులు కొట్టిన తెల్ల వైరు వంటింటి దాకా పాకుతూ ఉంటుంది. పండక్కి బూజు దులిపినప్పుడల్లా ఒకటో రెండో క్లిప్పులు ఊడతాయి, మా ఆవిడ వాటిని ఏరి నా ఫోను పక్కన పెడుతుంది, ఏమీ అనదు.