నిన్ననే ఆఫ్ చేశాను కదా, మళ్లీ వచ్చావా?

బండి ఆగితే ఇంజన్ తనే ఆపేసి, కదిలేటప్పుడు తనే స్టార్ట్ చేసే మా కారులోని ఆటో స్టార్ట్ స్టాప్‌కి,

నేనిక్కడ క్షేమం. నువ్వు అంతకంటే క్షేమమని తెలుసు, ఎందుకంటే నిన్న ఆఫ్ చేసిన నువ్వు ఇవాళ బండి స్టార్ట్ చేయగానే ఏమీ జరగనట్టు మళ్లీ ఆన్‌లో ఉన్నావు.

రోజూ ఇదే తంతు. సీటు బెల్టు, అద్దం, ఆ తర్వాత గుండ్రటి బాణం మధ్యలో ఇంగ్లీషు 'ఎ' ఉన్న నీ బటన్. నొక్కితే లైటు వెలుగుతుంది, అంటే నువ్వు ఆఫ్ అయినట్టు. ఆఫ్ చేస్తే లైటు వెలగడమేంటో, ఆ లాజిక్ పెట్టినవాడికే తెలియాలి.

మే నెలలో ఒక మధ్యాహ్నం తొందరలో నిన్ను మర్చిపోయాను. అమీర్‌పేట దగ్గర, మెట్రో పిల్లర్ల పక్కన బళ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని నిలబడ్డాయి. న్యూట్రల్ చేసి క్లచ్ వదిలానో లేదో, నువ్వు ఇంజన్ ఆపేశావు. ఏసీ కంప్రెసర్ తిరిగేది ఇంజన్ బెల్టుతోనే కదా, అదీ పడుకుంది, ఫ్యాన్ మాత్రం గోరువెచ్చటి గాలి ఊదుతోంది. ముందు ఆటో రెండడుగులు కదిలింది. క్లచ్ తొక్కితే స్టార్ట్, రెండడుగులు, మళ్లీ ఆఫ్. వెనక సీట్లోంచి మా అత్తగారు "పెట్రోలు అయిపోయిందా బాబూ?" అన్నారు. లేదండీ, పర్యావరణం కోసం అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా బ్యాగులోంచి శుభలేఖ తీసి విసురుకోవడం మొదలుపెట్టారు.

నిన్ను పూర్తిగా తిట్టలేను. నీది పాత వంశమే, 1970లలోనే టయోటా వాళ్లు జపాన్‌లో నిన్ను ప్రయత్నించారు. మైలేజీ పరీక్షలో బండి ఆగి ఉన్న సమయం కూడా లెక్కే కాబట్టి నువ్వుంటే అక్కడ నంబరు బాగుంటుంది. అయినా రైలు గేటు పడితే మా నాన్న ఏ సెన్సరూ లేకుండానే తాళం తిప్పి, "పెట్రోలు ఊరికే వస్తోందా" అనేవాడు. ఆయనకి గేటు పడటానికీ ముందు ఆటో కదలకపోవడానికీ తేడా తెలుసు. నీకు అదే తెలియదు.

నిన్ను ఎలా వదిలామో గుర్తుపెట్టుకునే చిన్న పరికరం ఒకటి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వారంటీ పోతుందేమోనని టెన్షన్, కొనలేదు.

ఈ మధ్య రెండు నెలలు నువ్వు అసలు పనిచేయలేదు. బటన్ నొక్కే పని లేదు, సిగ్నల్లో చల్లగా ఉంది, ఏ దేవుడు కరుణించాడో అనుకున్నాను. మొన్న సర్వీసుకిస్తే అసలు సంగతి చెప్పారు: బ్యాటరీ వీకైతే నువ్వు పక్కకు తప్పుకుంటావట. నీకు మామూలు బ్యాటరీ చాలదు, ఖరీదైనదే కావాలి, అదీ నా ఖర్చే.

"కొత్తది వేస్తే స్టార్ట్ స్టాప్ మళ్లీ సూపర్‌గా పనిచేస్తుంది సార్" అన్నాడా కుర్రాడు, శుభవార్త చెప్తున్నట్టు.

పాతది ఇంకెన్నాళ్లు లాగుతుందో కనుక్కుని చెప్పమన్నాను.

ఇట్లు,
నీ బటన్ మీద వేలిముద్ర ఉన్నవాడు