3,500 పదాల బట్టీతో జీఆర్‌ఈ వెర్బల్ గట్టెక్కుతుందా?

అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీ అడ్మిషన్ల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకు, అందులోని ఇంగ్లిష్ భాగమైన వెర్బల్‌కు ప్రిపేరయ్యేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మనుషులు మారతారు గానీ ఒక మెసేజ్ మాత్రం మారదు. అందులో ఉండేది ఇదీ: “వెర్బల్ అంటే పదాలే. 3,500 పదాల లిస్టు బట్టీ కొట్టండి. రోజుకు 100 చొప్పున 35 రోజుల్లో అయిపోతుంది. టైమ్ లేకపోతే రూట్స్ (పదాల మూలాలు) నేర్చుకోండి, తెలియని పదానికి కూడా అర్థం చెప్పేయొచ్చు. తెలుగు మీడియం వాళ్లకు ఇంతకంటే దారి లేదు. అవే పదాలు ఎస్సేలో గుప్పిస్తే అక్కడా స్కోరే.” ఇందులో పచ్చి అబద్ధం కన్నా పాతబడిన నిజం ఎక్కువ. అందుకే అందరూ నమ్మి ఫార్వర్డ్ చేస్తుంటారు.

వెర్బల్ అంటే పదాలే అన్నది 2011 ఆగస్టుకు ముందైతే చాలావరకు నిజం. అప్పట్లో యాంటనిమ్స్ (వ్యతిరేకపదాలు), అనాలజీస్ (పదాల జతల మధ్య పోలికలు) ఉండేవి. ఒక పదం ఇచ్చి దానికి వ్యతిరేకపదం ఎంచమనేవారు. వెనకాముందూ వాక్యం ఉండేది కాదు. పదం తెలిస్తే మార్కు, తెలియకపోతే దండం పెట్టి ముందుకెళ్లడమే. ఇప్పటికీ చేతులు మారుతున్న ఆ భారీ లిస్టులు ఆ పరీక్షకు సరిపోయేవి. ఆ రెండు రకాల ప్రశ్నల్నీ 2011లోనే తీసేశారు. 2023 సెప్టెంబరులో పరీక్షను ఇంకా కుదించారు. ఇప్పుడు వెర్బల్‌లో మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. అందులో సుమారు సగం రీడింగ్ కాంప్రహెన్షనే, అంటే ప్యాసేజీ చదివి జవాబులు ఎంచడం. మిగతావి ఖాళీలు పూరించే టెక్స్ట్ కంప్లీషన్, సెంటెన్స్ ఈక్వివలెన్స్.

పోనీ ఆ మిగతా సగంలోనైనా లిస్టు కాపాడుతుందా? సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఒక ఖాళీ, ఆరు ఆప్షన్లు ఉంటాయి. వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండింటిని ఎంచాలి, ఒకటి తప్పినా మార్కు రాదు. ఆ పద్ధతిలో నేను అల్లిన ప్రశ్న ఒకటి చూడండి, వాక్యం మాత్రం తెలుగులో: “చర్చల్లో ఎంతో ______గా కనిపించిన ఆ చైర్మన్, తీరా సంతకాల దగ్గరికి వచ్చేసరికి ఒక్క కామా కూడా మార్చనివ్వలేదు.” ఆప్షన్లు: ట్రాక్టబుల్, అబ్డ్యురేట్, లొక్వేషస్, అమీనబుల్, ఇంట్రాన్సిజెంట్, ఎరుడైట్.

అబ్డ్యురేట్, ఇంట్రాన్సిజెంట్ రెండూ మొండిపట్టు మనిషికి వాడేవే. లిస్టు కంఠతా వచ్చిన కుర్రాడికి ముందు ఆ జతే కనబడుతుంది. వాక్యం చివర ఉన్నది కూడా మొండితనమే కదా, నొక్కేస్తాడు. కానీ ఖాళీ ఉన్నది “కనిపించిన” దగ్గర. “తీరా” అనే మాట దగ్గర కథ అడ్డం తిరిగింది. అంటే అంతకుముందు చెబితే వినేరకంలా కనిపించాడన్నమాట. జవాబు ట్రాక్టబుల్, అమీనబుల్. ఆరు పదాలూ తెలిసి కూడా తప్పు పెట్టాడు. ఈ తప్పు ఇంకో వెయ్యి పదాలు నేర్చుకున్నా పోదు. ఆప్షన్లు చూడకుండా, ఖాళీలో ఎలాంటి మాట రావాలో ముందు మనసులో అనుకోవాలి, తెలుగులో అనుకున్నా ఫరవాలేదు. ఆ అలవాటు చేసుకుంటేనే పోతుంది.

అలాగని పదాలు అక్కర్లేదని కాదు. ట్రాక్టబుల్ అంటే తెలియనివాడు వాక్యం ఎంత బాగా పట్టుకున్నా అక్కడే ఆగిపోతాడు. ఎన్ని పదాలు, ఎలా నేర్చుకోవాలన్న దగ్గరే నా పేచీ. పైగా కొంప ముంచేవి చాలాసార్లు పెద్ద పదాలు కావు. క్వాలిఫై అంటే మనకు పరీక్ష పాసవడం. క్వాలిఫైడ్ సపోర్ట్ అని ప్యాసేజీలో వస్తే అది షరతులు పెట్టిన మద్దతు, నిండు మద్దతు కాదు. చెక్ అంటే అదుపులో పెట్టడం, టెంపర్ అంటే తీవ్రత తగ్గించడం. లిస్టు చదివేటప్పుడు వీటిని “ఇవి తెలిసినవేలే” అని దాటేస్తారు.

రోజుకు 100 అన్నదాని సంగతి చూద్దాం. చదివింది మర్చిపోవడం ఎంత త్వరగా జరుగుతుందో జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే రాశాడు. మొదటి ఒకట్రెండు రోజుల్లోనే ఎక్కువ భాగం పోతుంది. కాబట్టి ప్రతి పదాన్నీ మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు తిరిగి చూడాలనుకుందాం. అప్పుడు నాలుగో వారం నుంచి రోజూ 100 కొత్తవి, 400 పాతవి. ఒక్కోదానికి 15 సెకన్లే అనుకున్నా రెండు గంటల పైమాటే, అదీ వాక్యం అన్నది ఒక్కటీ చదవకుండా. రోజుకు 15, 20 కొత్త పదాలు చాలు. యాంకీ లాంటి యాప్‌లో వేసుకుంటే ఏ రోజు ఏది తిరగేయాలో అదే చూసుకుంటుంది. కార్డు మీద అర్థం ఒక్కటే రాయకండి, ఆ పదం ఉన్న వాక్యం కూడా రాయండి.

రూట్స్ తెలిస్తే మంచిదే, తెలిసిన పదాన్ని గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి. తెలియని పదాన్ని ఊహించడానికి వాడితే మాత్రం దెబ్బ తింటారు. రెస్టివ్ అంటే విశ్రాంతిగా ఉండటం కాదు, కుదురు లేకపోవడం. ఎనర్వేట్ వినడానికి ఎనర్జీ ఇచ్చేలా ఉంటుంది గానీ ఉన్న సత్తువ లాగేస్తుంది. నాయ్‌సమ్‌కు నాయిస్‌తో సంబంధం లేదు, అది దుర్వాసన.

తెలుగు మీడియం వాళ్లకు బట్టీయే దిక్కన్న మాట వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. అమెరికాలో పుట్టి పెరిగినవాడు కూడా అబ్డ్యురేట్ అన్న మాట క్యాంటీన్లో వాడడు, అతనూ కూర్చుని నేర్చుకోవాల్సిందే. మనవాళ్లకు నిజంగా ఉన్న ఇబ్బంది ఇంగ్లిష్ చదివే వేగం. 27 ప్రశ్నలకు 41 నిమిషాలంటే ఒక్కోదానికి నిమిషంన్నర, ప్యాసేజీ చదివే టైమూ అందులోదే. పొడుగు వాక్యం చివరికొచ్చేసరికి కర్త ఎవరో మర్చిపోయి మళ్లీ మొదటికి వెళ్తే సగం టైమ్ అక్కడే పోతుంది. అలాంటివాళ్ల చేత లిస్టు బట్టీ పట్టించడం అన్యాయం. వాళ్లు ఆ రెండు గంటలూ సైన్స్ మీద, చరిత్ర మీద, కళల మీద పెద్ద వ్యాసాలు చదవాలి. కొంచెం అలవాటయ్యాక, పరీక్ష పెట్టే ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ టెస్టులు టైమర్ పెట్టుకుని రాయాలి.

ఎస్సే ఇప్పుడు ఒక్కటే, 30 నిమిషాలు. చూసేది వాదన ఎలా నిలబెట్టారన్నది, ఉదాహరణలు అతికాయా లేదా అన్నది. అతకని చోట ఇరికించిన పెద్ద పదం తప్పుగానే కనబడుతుంది. ఈ జబ్బు ఎస్సేతో ఆగదు, ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెబుతూ అప్లికేషన్‌తో పంపే ఎస్‌ఓపీకీ అంటుకుంటుంది. మొదటి పేరాలోనే ప్లెథొరా (బోలెడన్ని) అని రాసిన ఎస్‌ఓపీలు దిద్దీ దిద్దీ విసుగొచ్చింది.

మెసేజ్‌లో లేని సంగతి ఇంకొకటుంది. 2020 తర్వాత అమెరికాలో చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈని ఆప్షనల్ చేశాయి, కొన్ని పూర్తిగా ఎత్తేశాయి. ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ అడిగితే పక్కది అడగకపోవచ్చు. లిస్టు ప్రింటు తీసేముందు, మీరు అప్లై చేసే ప్రోగ్రామ్‌ల అడ్మిషన్ పేజీలు తెరిచి అసలు స్కోరు అడుగుతున్నారో లేదో చూసుకోండి.