సరిహద్దులో తెలుగువాళ్లకి ఆకాశవాణి ఒక పాడ్‌కాస్ట్ పెట్టాలి

ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో రెండు రాష్ట్రాలూ మావే అంటున్న 21 కొండ గ్రామాల కొఠియా గొడవ గురించి తెలుగులో చదివితే ఒడిశా అధికారులు అడ్డుకున్నారని ఉంటుంది, అదే సంగతి ఒడియాలో చదివితే ఆంధ్రావాళ్లు చొరబడ్డారని ఉంటుంది. కొరాపుట్ జిల్లాలో ఉంటూ రెండు భాషలూ వచ్చిన మాకు ఈ తేడా బాగా తెలుసు. ఆ గ్రామాల కోసం ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకి వెళ్లింది, 2006లో కోర్టు ఊళ్లు ఎవరివో తేల్చకుండానే దావా ముగించింది, 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే మళ్లీ కోర్టు మెట్లెక్కారు. ఇంత జరిగినా, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ దగ్గరున్న ఆ కొండ ఊరి మనిషికి అసలు ఏం కావాలో తీరిగ్గా కూర్చుని అడిగినవాళ్లు తక్కువ.

ఈ పని ఆకాశవాణిదే అంటాను. ప్రైవేటు ఎఫ్ఎంలకి సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు, కమ్యూనిటీ రేడియోలకీ లేదు, ఆకాశవాణి బులెటిన్లు వినిపించుకోవాల్సిందే. అంటే దేశంలో రేడియో వార్తలన్నీ ఒక్క సంస్థ చేతిలో ఉన్నాయి. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టే చెప్పింది కదా, ఆ ప్రజల్లో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురంలో ఉన్న తెలుగువాళ్లు లేరా? 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచీ మేం ఆ రాష్ట్రంలోనే ఉన్నాం. విశాఖ స్టేషన్‌కి ఉత్తరాంధ్ర ముఖ్యం, జయపురం స్టేషన్‌కి ఒడియా ముఖ్యం, అది సహజమే, కానీ మధ్యలో మా సంగతి ఎవరికీ పట్టదు.

పాడ్‌కాస్ట్ అయితే ఏ స్టేషన్ పరిధి అన్న పేచీ ఉండదు. రెండు స్టేషన్ల వాళ్లూ కలిసి చేయాలి, తెలుగుతో పాటు ఒడియా, కొండల్లో కోందులు మాట్లాడే కువి మాటలు కూడా అలాగే వినపడనివ్వాలి. వంశధార నది మీద నేరడి బ్యారేజీకి, రెండు రాష్ట్రాల నీటి తగాదా తేల్చే ట్రిబ్యునల్ 2017లో ఒప్పుకుంది, దాని గురించి గజపతి జిల్లా రైతునీ శ్రీకాకుళం రైతునీ ఒకే ఎపిసోడ్‌లో మాట్లాడించాలి, ఇద్దరూ చెప్పాక ఇంజినీర్లని పిలవాలి. సర్కారు రేడియోలో ఇంత స్వేచ్ఛ ఎక్కడిదని అంటారు. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది, 1997లో అమలైంది, స్వయంప్రతిపత్తి అందులోనే రాసుంది. ఒత్తిళ్లు లేవని నేననను, కానీ అడగకపోతే ఆ రాత కాగితం మీదే ఉండిపోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. కొండల మీద సిగ్నల్ దొరకదు కాబట్టి యాప్‌లో పెట్టి ఊరుకుంటే చాలదు, అదే ఎపిసోడ్‌ని రెండు స్టేషన్ల నుంచీ సంత రోజుకి ముందు రాత్రి రేడియోలో కూడా వేయాలి.