ఒక జీన్‌కు ఒకే ఎంఆర్ఎన్ఏ అనడం సరికాదు
ఒక జీన్ నుంచి ఒకే ఎంఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి జీన్ నుంచి తీసే నకలు) వస్తుందని ఒక వ్యాసంలో రాసిన మాట ఎప్పుడో పాతబడ్డది. కాల్సిటోనిన్ జీన్‌నే చూడండి: థైరాయిడ్ సి-కణాల్లో 4వ ఎక్సాన్ (ఎంఆర్ఎన్ఏలో మిగిలే జీన్ ముక్క) దగ్గరే పాలీ-ఏ తోక (ఎంఆర్ఎన్ఏ చివర చేరే ‘ఏ’ల వరుస) పడి కాల్సిటోనిన్ అనే హార్మోన్ తయారైతది, నాడీకణాల్లో ఆ 4ను వదిలేసి 3ను 5, 6లతో అతికిస్తే సీజీఆర్‌పీ అనే వేరే పెప్టైడ్ వస్తది. నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో ఎంఎస్సీ ప్రాజెక్టుకు ఇట్లా ఎక్సాన్‌లను వేరువేరుగా అతికించే పద్ధతిని (ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్) ఎత్తుకునే పిల్లలు, మధ్యలోని ఒక ఎక్సాన్ ఉండే-పోయే జీన్‌లలో అయితే ప్రైమర్లను (పీసీఆర్‌లో నకలు తీయడం మొదలయ్యే చోటు చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) అనుమానమున్న ఎక్సాన్‌లో కాదు, దానికి అటూ ఇటూ ఉన్నవాటిలో పెట్టాలి. అప్పుడే ఆ ఎక్సాన్ ఉన్నది, లేనిది రెండు రూపాలూ ఒకే ట్యూబులో పెరుగుతయి. 2 శాతం అగరోజ్ జెల్ (డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసేది) మీద ఆ రెండు రూపాల గీతల పైన మూడోది కనబడితే కొత్త వేరియంట్ దొరికిందని ఎగరొద్దు. రెండు రూపాల పోగులు పెనవేసుకున్న హెటెరోడూప్లెక్స్ కావచ్చు, అది జెల్‌లో నెమ్మదిగా నడుస్తది. ఆర్ఎన్ఏలో కణం డీఎన్ఏ కలిసినా ఇంట్రాన్‌తో (ఎంఆర్ఎన్ఏలోంచి కోసేసే ముక్క) సహా పెద్ద గీత పడుతది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్ఎన్ఏను డీఎన్ఏగా రాసే ఎంజైమ్) వేయని ట్యూబు ఒకటి పక్కన నడిపితే ఆ సంగతి బయటపడుతది (చాలామంది ఎగ్గొట్టేది ఇదే). గీత ఉన్నంత మాత్రాన ప్రోటీన్ ఉన్నట్టూ కాదు: వదిలేసిన ఎక్సాన్ పొడవు 3తో భాగించబడకపోతే మూడేసి అక్షరాలుగా చదివే వరుస తప్పి చాలామటుకు మధ్యలోనే స్టాప్ కోడాన్ (ప్రోటీన్ తయారీని ఆపే గుర్తు) తగులుతది; అది చివరి ఎక్సాన్ జంక్షన్‌కు (రెండు ఎక్సాన్‌లు అతుక్కున్న చోటు) 50-55 న్యూక్లియోటైడ్ల (అక్షరాల) కన్నా ఎక్కువ ముందుంటే, ఆ ఎంఆర్ఎన్ఏను చాలామటుకు కణమే ముక్కలు చేసేస్తది.