ఎక్కువ పన్ను రేటు కట్టేది పేదోళ్ళు, మంచి స్కూల్ ఇంకొకళ్ళకి

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు ముందు అడిగేది స్కూల్ రేటింగ్ ఎంత అని. రేటింగ్ బాగుంటే ఇంటి ధర పెరుగుతుంది, ధర పెరిగితే ప్రాపర్టీ ట్యాక్స్ ఎక్కువ వస్తుంది, ఆ డబ్బులో పెద్ద వాటా మళ్ళీ అక్కడి స్కూళ్ళకే పోతుంది. ఉన్నోళ్ళ దగ్గరే తిరిగే చక్రం ఇది. నాకైతే అస్సలు మింగుడుపడదు.

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో లెక్క చూడండి. 1967-68లో ఎడ్జ్‌వుడ్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతం స్కూళ్ళని నడిపే, వాటికోసం పన్ను వేసే పరిధి), ఎక్కువగా మెక్సికన్ అమెరికన్ కుటుంబాలుండే చోట, 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కడితే ఒక్కో పిల్లాడికి స్థానిక పన్నులోంచి స్కూళ్ళకి మిగిలింది 26 డాలర్లు. అదే ఊళ్ళో ఆలమో హైట్స్ వాళ్ళు 85 సెంట్లే కట్టారు, వాళ్ళకి 333 డాలర్లు వచ్చాయి! పోనీ రాష్ట్రం సర్దిందా అంటే ఎడ్జ్‌వుడ్‌కి తలకి 222, ఆలమో హైట్స్‌కి 225 ఇచ్చింది. ఉన్నోళ్ళకే మూడు డాలర్లు ఎక్కువ. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, ఇంకొంతమంది తల్లిదండ్రులు కోర్టుకెళ్తే 1973లో సుప్రీంకోర్టు 5-4తో కాదనేసింది, చదువు ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చే ప్రాథమిక హక్కు కాదంది.

స్కూళ్ళ మీద స్థానికుల పట్టు ఉండాలంటే డబ్బూ స్థానికంగానే రావాలంటారు కొందరు. ఎక్కువ రేటు కట్టి కూడా 26 డాలర్లే చూసినోళ్ళకి ఏం పట్టు ఉన్నట్టు?

అలాగని ట్యాక్స్ కోసేస్తే న్యాయం జరగదు. కాలిఫోర్నియాలో 1978లో ప్రొపొజిషన్ 13 అనే, ఓటర్లు నేరుగా ఓటేసి తెచ్చిన నిబంధనతో ప్రాపర్టీ ట్యాక్స్‌ని ఆస్తి విలువలో 1 శాతానికి కట్టేశారు, స్థానిక ఆదాయం పడిపోయి స్కూళ్ళకి చెయ్యి బిగుసుకుపోయింది. మిషిగన్ 1994లో వేరే దారి పట్టింది, సేల్స్ ట్యాక్స్ 4 నుంచి 6 శాతానికి పెంచి స్కూళ్ళ ఖర్చులో ఎక్కువ భాగం రాష్ట్రమే నెత్తినేసుకుంది. అక్కడా తేడాలు పూర్తిగా పోలేదు గానీ దారి మాత్రం అదే.

అసలు జబ్బు డిస్ట్రిక్ట్ గీతల్లోనే ఉంది. 1930ల్లో నల్లవాళ్ళుండే పేటల్ని ప్రభుత్వ మ్యాపుల్లో ఎర్రరంగు పూసి ఇంటి అప్పుకి పనికిరావన్నారు, అప్పు పుట్టని చోట ఇంటి విలువ ఎలా పెరుగుతుంది, విలువ లేని చోట స్కూల్‌కి డబ్బెక్కడిది? 1974లో డెట్రాయిట్ కేసులో సుప్రీంకోర్టు, మళ్ళీ 5-4తోనే, నల్ల పిల్లల్ని తెల్ల పిల్లల్ని కలిపి చదివించడానికి శివారు డిస్ట్రిక్టులు తప్పు చేసినట్టు తేలకపోతే వాటి గీత దాటడానికి వీల్లేదంది. ఆ గీతలు మనుషులు గీసినవే కదా, ఎందుకు చెరపకూడదు? హవాయిలో రాష్ట్రం మొత్తానికి ఒకటే స్కూల్ డిస్ట్రిక్ట్, ప్రభుత్వ స్కూళ్ళు ప్రాపర్టీ ట్యాక్స్ మీద ఆధారపడకుండానే నడుస్తున్నాయి.