గోడ ఉంది, గాలి ఆగిందా?

జర్మనీ ఫెడరల్ ప్రభుత్వంలో తీవ్ర మితవాద (ఫార్ రైట్) పార్టీ ఏఎఫ్‌డీకి (‘జర్మనీకి ప్రత్యామ్నాయం’) ఒక్క మంత్రి కూడా లేరు కదా, తీవ్ర మితవాదం దేశాన్ని నడిపిస్తోందన్న గగ్గోలు ఎందుకని కొందరి వాదన. వలసలపై ఎవరు గట్టిగా మాట్లాడినా నాజీల నీడే కనిపిస్తుంది ఇంకొందరికి. మా దృష్టిలో రెండూ తప్పే. మొదటిదే ఎక్కువ ప్రమాదకరం.

2013లో యూరో వ్యతిరేకతతో పుట్టిన పార్టీ 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో 20.8 శాతం ఓట్లు, 152 సీట్లతో రెండో స్థానానికి చేరింది. దానితో చేతులు కలపబోమని మిగతా పార్టీలు కట్టుకున్న కట్టుబాటును అక్కడ ‘అగ్నిగోడ’ అంటారు. ఆ గోడకు బీట పడింది మాత్రం ఎన్నికలకు ముందే. జనవరి 29న వలసల కట్టడిపై అప్పటి ప్రతిపక్ష సీడీయూ నేత, తర్వాత ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) అయిన ఫ్రెడరిక్ మెర్జ్ పార్లమెంటులో తెచ్చిన తీర్మానం 348–345తో నెగ్గింది. ఏఎఫ్‌డీ ఓట్లు లేకుంటే నెగ్గేదే కాదు. సొంత పార్టీ మాజీ ఛాన్సలర్ మెర్కెల్ అది తప్పని బాహాటంగానే అన్నారు. రెండు రోజులకు బిల్లు రూపంలో మళ్లీ ప్రయత్నిస్తే 338–349తో వీగిపోయింది. మనిషిని గుమ్మం బయటే నిలబెట్టి, లోపల ఆయన అడిగిన వంటే వండితే గోడ కట్టిన ఫలమేమిటి?

ఇంకో సంగతి. 2023తో పోలిస్తే 2024లో శరణార్థుల దరఖాస్తులు దాదాపు 30 శాతం తగ్గాయి. సంఖ్య తగ్గుతుంటే రభస పెరిగింది. పలుకుబడి అంటే ఇదే: దేనికి భయపడాలో ఎదుటివాడు నిర్ణయించడం. అలాగని ఆ పార్టీకి ఓటేసిన ప్రతివారూ జాత్యహంకారులని తేల్చేయలేం. 2025 ఎన్నికల్లో పాత తూర్పు జర్మనీ రాష్ట్రాలు అయిదింటిలోనూ అదే ముందు నిలిచింది, అక్కడి అసంతృప్తికి మూలాలు వేరు. అక్కడి చదువులకు వెళ్లిన మన పిల్లల తల్లిదండ్రులకు ఈ తేడా తెలియడం అవసరం.

పార్టీని నిషేధిస్తే పోతుందా? 2017లో ఎన్‌పీడీ అనే చిన్న నయా నాజీ పార్టీ కేసులో రాజ్యాంగ న్యాయస్థానం, లక్ష్యాలు రాజ్యాంగ విరుద్ధమే అయినా దానికి అంత సత్తా లేదంటూ నిషేధాన్ని తిరస్కరించింది. ఏఎఫ్‌డీ విషయంలో ఆ మాట చెల్లదు. కానీ కోటిమందికి పైగా ఓటేసిన పార్టీని కోర్టు తీర్పుతో చెరిపేయగలమనుకోవడం భ్రమ. అసలు పరీక్ష సభలోనే. 630 స్థానాల్లో మెర్జ్ కూటమికి ఉన్నవి 328. 2025 మే 6న ఛాన్సలర్ ఎన్నిక తొలి విడతలో ఆయనకు 310 ఓట్లే పడ్డాయి, కావాల్సిన మెజారిటీకి ఆరు తక్కువ. రేపు ఏ బిల్లుకో అలాగే ఆరు తగ్గితే, ఆయన ఎటువైపు చూస్తారు?